పెద్ద డాబ్సోనియన్ కదలాలంటే: చక్రాలా, విడదీతా, షెడ్డా?

అద్దం పన్నెండు అంగుళాలు దాటిందంటే ఇంట్లో చేసుకున్న టెలిస్కోపుకు ఒక జబ్బు పట్టుకుంటుంది: అది బయటికి రాదు. మొదటి నెల రోజూ వస్తుంది. రెండో నెల శనివారాలు వస్తుంది. ఆ తర్వాత బీరువా పక్కన దుప్పటి కప్పుకుని నిలబడిపోతుంది. నెల్లూరు, ఒంగోలు వైపు ఈశాన్య రుతుపవనాల పుణ్యమా అని అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఆకాశం ఎలాగూ నమ్మకం లేదు. సంక్రాంతి దాటాక మే దాకా దొరికే నాలుగు నెలల్లో కూడా నడుము నొప్పి భయంతో టెలిస్కోపు ఇంట్లోనే ఉంటే, అంత అద్దం రుద్దుకున్నది దేనికి?

జాన్ డాబ్సన్ (1915–2014) డాబ్సోనియన్ అనే ఈ టెలిస్కోపునూ దాని మౌంట్‌నూ (మోస్తూ తిప్పే పీఠాన్ని) ప్లైవుడ్డు, అట్టగొట్టాలతో చేసింది ఫుట్‌పాత్ మీద పెట్టి దారినపోయేవాళ్లకు చంద్రుణ్ణి చూపించడానికి. కదలడం దాని పుట్టుకలోనే ఉంది. మనం అద్దం పెంచుకుంటూ పోయి దాన్ని కదలకుండా చేసుకున్నాం.

మార్గాలు అయిదున్నాయి: ముక్కలుగా విడదీసి మోయడం, కింద క్యాస్టర్ (ఎటైనా తిరిగే చిన్న చక్రాల) చట్రం పెట్టడం, రాకర్ బాక్సుకు (టెలిస్కోపు ఆని ఊగే పెట్టెకు) రెండు చక్రాలూ రెండు పిడులూ బిగించడం, మూటల ట్రాలీ వాడడం, అసలు కదపకుండా షెడ్డు కట్టడం. వీటిలో ఏది మంచిదని అడిగితే జవాబు టెలిస్కోపును చూసి చెప్పేది కాదు, మీ ఇంటి గడపను చూసి చెప్పేది.

ముందు టేపు పట్టుకుని దారి కొలవండి

టెలిస్కోపు ఉండే గది నుంచి దాన్ని నిలబెట్టే చోటు దాకా ఒకసారి నడవండి. నేల ఏమిటి? టైల్సు, సిమెంటు, మట్టి, ఇసుక: ఒక్కోదానికి ఒక్కో చక్రం. మెట్లు ఎన్ని? ఒక్క మెట్టుంటే చెక్క వేసి దాటించవచ్చు, పద్దెనిమిది మెట్లుంటే చక్రాల మాటే మర్చిపోవాలి. దారిలో అన్నిటికంటే ఇరుకైన తలుపు ఎంత? రెక్క తెరిచాక మిగిలే ఖాళీని కొలవండి, చట్రాన్ని కాదు. గడప ఎత్తెంత? మోసేది ఒక్కరా ఇద్దరా? ఇద్దరైతే రెండోవాళ్లు రాత్రి ఒంటిగంటకు, సర్దేసే వేళకు కూడా ఉంటారా? మొదలుపెట్టేటప్పుడు సాయానికి నలుగురు దొరుకుతారు, సర్దేటప్పుడు ఎవరూ ఉండరు. చివరిగా, వారానికి ఎన్నిసార్లు తీస్తారు? నెలకొకసారి అయితే అరగంట బిగింపు పని భరించవచ్చు. రోజూ అయితే అయిదు నిమిషాలు దాటకూడదు.

తర్వాత బరువు. లెక్క కోసం 16 అంగుళాల ఎఫ్/4.5 (ఫోకల్ దూరం అద్దం వ్యాసానికి 4.5 రెట్లు) ట్రస్ (గొట్టానికి బదులు పైపులున్న) డాబ్సోనియన్ తీసుకుందాం, 18 మి.మీ. ప్లైవుడ్‌తో చేసింది.

| భాగం | బరువు (కిలోలు) |
|---|---|
| అద్దం (406 మి.మీ. వ్యాసం, 50 మి.మీ. మందం, బోరోసిలికేట్) | 14.5 |
| మిర్రర్ బాక్సు (అద్దం ఉండే కింది పెట్టె), సెల్లు (అద్దాన్ని పట్టే చట్రం), అద్దం లేకుండా | 14 |
| రాకర్ బాక్సు | 20 |
| గ్రౌండ్ బోర్డు (రాకర్ తిరిగే కింది పలక, మూడు కాళ్లతో) | 7 |
| పై పంజరం (చిన్న అద్దం, కంటికటకం ఉండేది) | 4.5 |
| ఎనిమిది అల్యూమినియం పైపులు, బిగింపులతో | 4 |
| మొత్తం | 64 |

అద్దం మామూలు గాజుదైతే ఇంకో రెండు కిలోలు కలపండి. మీ టెలిస్కోపును అంచనా వేయొద్దు, బాత్రూమ్ తూకం మీద ముక్కముక్కగా తూచండి. ప్లైవుడ్డు బరువును అందరూ తక్కువే అనుకుంటారు. 18 మి.మీ. ఎనిమిది బై నాలుగు షీటు ఒక్కటే ముప్పై కిలోలు దాటుతుంది.

ఇక్కడే ఒక మాట. చక్రాలు బరువును తగ్గించవు, ఇంకో ఐదారు కిలోలు పెంచుతాయి. రాకర్ పక్క పలకలు 18 నుంచి 12 మి.మీ.కు దించితే ఆ పలకల బరువులో మూడో వంతు పోతుంది. మూలల్లో పట్టీలు అతికిస్తే గట్టితనం పెద్దగా తగ్గదు. చక్రాలు కొనే ముందు ఈ పని చూడండి.

ఒక్క చూపులో

| | విడదీత | క్యాస్టర్ చట్రం | చక్రాలు, పిడులు | మూటల ట్రాలీ | షెడ్డు |
|---|---|---|---|---|---|
| టైల్సు, సిమెంటు | సరే | చాలా బాగు | బాగు | బాగు | అక్కర్లేదు |
| మట్టి, గులకరాళ్లు | సరే | పనికిరాదు | చాలా బాగు | ఫర్వాలేదు | అక్కర్లేదు |
| ఇసుక | సరే | పనికిరాదు | చెక్కలు వేస్తేనే | కష్టం | అక్కర్లేదు |
| మెట్లు | ఎక్కువుంటే ఇదే దారి | కుదరదు | రెండు మూడు దాకా | ముక్కలుగా అయితే సరే | మేడ మీద కడితే సమస్యే లేదు |
| ఒక్కరితో పని | ఔను, చాలాసార్లు తిరగాలి | ఔను | ఔను | ఔను | ఔను |
| చూడడం మొదలయ్యే వేళకు | 20–30 నిమిషాలు | 2–3 నిమిషాలు | 5 నిమిషాలు | 15 నిమిషాలు | 1 నిమిషం, అద్దం బిగించే వేళ కాక |
| పైకం | తక్కువ | తక్కువ | మధ్యస్థం | తక్కువ | ఎక్కువ |

విడగొట్టి మోయడం

ట్రస్ టెలిస్కోపు అంటేనే విడిపోయేది. అయినా చాలామంది పైపులూ పంజరమూ మాత్రమే ఊడదీసి, మిర్రర్ బాక్సును రాకర్ మీదే ఉంచి ఇద్దరు కలిసి మోస్తారు. అది మన లెక్కలో 55 కిలోలు. సగం విడగొట్టడమంటే ఇదే.

ఒక్కరు మోసే ముక్క 20 కిలోలు దాటకూడదని పెట్టుకోండి. రాకర్ సరిగ్గా ఆ గీత మీదుంది. మిర్రర్ బాక్సు అద్దంతో కలిపి 28.5, గీత దాటింది. దానికి ఇటూ అటూ రెండు పిడులు బిగించి ఇద్దరు పట్టుకుంటే తలా 14 కిలోలు. ఒక్కరే అయితే అద్దాన్ని వేరే పెట్టెలో తీసుకెళ్లాలి. మెట్లున్న ఇంట్లో ఇది తప్పదు కానీ, అద్దాన్ని ప్రతిసారీ బయటికి తీయడమంటే వేలిముద్రలకూ ఉంగరం గీతలకూ స్వాగతం పలకడమే. అద్దం పెట్టెను ప్లైవుడ్‌తో చేసి, లోపల మూడుచోట్ల మెత్తటి నురుగు ముక్కలు పెట్టి, అద్దం ముఖం పైకి ఉండేలా మోయండి. నురుగు అద్దం పూతకు తగలకూడదు, అంచుకూ వీపుకూ మాత్రమే ఆనాలి.

రాకర్‌ను కూడా విడిపోయేలా చేయవచ్చు. పక్క పలకలను జిగురుతో కాకుండా 8 మి.మీ. బోల్టులు, ప్లైవుడ్‌లో దిగ్గొట్టే టీ-నట్లతో బిగిస్తే నాలుగు పలకలుగా కారు డిక్కీలో పడుకుంటుంది. ఒక్కో మూలకు కనీసం రెండు బోల్టులు ఉండాలి. ఒకటే ఉంటే అది కీలులా తిరిగి, గాలి వీచిన ప్రతిసారీ గురుగ్రహం కంటికటకంలో ఊగుతుంది. ఏడాది తిరిగేసరికి టీ-నట్లు వదులవుతాయి. కొట్టేటప్పుడే ఎపాక్సీ రాసి కొట్టండి.

విడదీతలో అసలు ఖర్చు కాలం. ప్రతిసారీ కొలిమేషన్ (అద్దాలను ఒకే గీతకు తేవడం) మళ్లీ చేయాలి. పైపులు ఏది ఎక్కడ ఉండేదో అక్కడే పెడితే అది కొంచెమే తప్పుతుంది. పైపు రెండు కొసలకూ రంగు టేపు చుట్టి నంబరు వేయండి. చీకట్లో ఎర్రలైటుకు ఎర్ర టేపు కనబడదు, పసుపు కూడా తెల్లగానే కనిపిస్తుంది. అంకెలే నమ్మకం.

క్యాస్టర్ చట్రం

మూడు కాళ్ల చట్రం, మూలకో క్యాస్టర్, పైన గ్రౌండ్ బోర్డు. గదిలోంచి వరండాలోకి, అక్కణ్ణుంచి సిమెంటు వాకిలికి టైల్సు మీద జారిపోయే దారి ఉంటే దీన్ని మించింది లేదు. పిల్లలైనా నెడతారు.

కానీ గడప ఉంటే? ఇక్కడ చక్రం సైజు తేల్చేస్తుంది. 75 మి.మీ. చక్రం 10 మి.మీ. ఎత్తు గడప ఎక్కాలంటే ఆ చక్రం మీదున్న బరువులో దాదాపు 93 శాతం బలంతో అడ్డంగా లాగాలి. అదే గడపకు 250 మి.మీ. చక్రానికి 43 శాతం చాలు. గడప ఎత్తు చక్రం వ్యాసంలో పదో వంతుకు దగ్గరైతే చిన్న వాలు చెక్క వేసుకోండి. తోయడంలో మొండితనం చూపిస్తే క్యాస్టర్ కాడ వంగుతుంది, లేదా మౌంట్ ముందుకు తూలుతుంది.

మూడు క్యాస్టర్లే పెట్టండి. నాలుగు పెడితే ఒకటి ఎప్పుడూ గాల్లో ఉంటుంది. బ్రేకున్న క్యాస్టర్ల మీదే నిలబెట్టి చూద్దామనుకుంటారు గానీ, బ్రేకు చక్రాన్ని ఆపుతుందే తప్ప కాడ ఊగడాన్ని ఆపదు. రెండొందల రెట్లు పెద్దది చేసి చూసేటప్పుడు ఆ ఊపు స్పష్టంగా తెలుస్తుంది. అందుకని చట్రం మూడు మూలల్లో 16 మి.మీ. బోల్టులతో స్క్రూ కాళ్లు పెట్టాలి. చట్రానికి నట్టు వెల్డింగ్ చేయించి, బోల్టు తలకు అడ్డంగా కడ్డీ వేయిస్తే చేత్తోనే తిప్పవచ్చు. ఆ బోల్టు ఒక చుట్టుకు 2 మి.మీ. దిగుతుంది. ఆరు చుట్లకు 12 మి.మీ. లేచి క్యాస్టర్లు నేల వదులుతాయి. నేల వాలుగా ఉంటే మట్టం సరిచేసుకోవడానికీ ఇవే పనికొస్తాయి. మన డాబాలన్నీ నీళ్లు పోవడానికి వాలుగానే ఉంటాయి కదా.

చక్రానికి నైలాన్ కంటే పాలీయురిథేన్ లేదా రబ్బరు తొడుగు ఉన్నవి తీసుకోండి. నైలాన్ టైల్సు సందుల మీద టకటకలాడుతూ అద్దాన్ని అదరగొడుతుంది.

రెండు చక్రాలు, రెండు పిడులు

ఇటుకల బండి తరహా పద్ధతి ఇది. రాకర్ బాక్సు ఒక వైపు రెండు గాలిటైర్లు, ఎదురువైపు పొడుచుకొచ్చే రెండు పిడులు. పిడులు ఎత్తితే మౌంట్ మొత్తం చక్రాల మీదికి వస్తుంది, దించితే గ్రౌండ్ బోర్డు తన మూడు కాళ్ల మీద నిలబడుతుంది. పల్లెటూరి ఇంటి వాకిలి, పొలం గట్టు, రొయ్యల చెరువు కట్ట మీద షెడ్డు పక్క: ఇలాంటి చోట ఉండేవాళ్లకు నా ఓటు దీనికే. చెప్పినంత సులువుగా కుదరదు, కొలతలు తప్పితే మొత్తం తప్పుతుంది. అందుకే కాస్త వివరంగా.

*ఇరుసు ఎక్కడ?* మౌంట్ గరిమనాభి దాదాపు మధ్య బోల్టు మీద ఉంటుందనుకుందాం. ఇరుసును దానికి 32 సెం.మీ. దూరంలో పెట్టి, పిడి పట్టు ఇరుసు నుంచి 140 సెం.మీ. ఉంటే, ఎత్తాల్సిన బరువు 64 × 32 ÷ 140, అంటే 14.6 కిలోలు. నిండు నీళ్ల బకెట్టంత. ఇరుసును ఇంకా దగ్గరికి జరిపితే ఎత్తేది తగ్గుతుందని ఆశపడొద్దు. పిడి ఎత్తినప్పుడు పైనున్న బరువు చక్రాల వైపు వాలుతుంది. గరిమనాభి ఇరుసుకు 45 సెం.మీ. పైనుంటే, 8 డిగ్రీలు ఎత్తగానే 6 సెం.మీ. అటు జరుగుతుంది. ఇరుసు పది సెంటీమీటర్లలోనే ఉంటే వాలు దారిలో మౌంట్ చక్రాల మీదుగా అవతలికి బోర్లా పడే ప్రమాదం ఉంది.

*పిడుల ఎత్తు.* నిటారుగా నిలబడి చేతులు వేలాడేస్తే అరచేతులు ఉండే ఎత్తు సుమారు 75–80 సెం.మీ. 140 సెం.మీ. పిడిని 8 డిగ్రీలు ఎత్తితే కొస 19–20 సెం.మీ. లేస్తుంది. కాబట్టి దించినప్పుడు పట్టు 58 సెం.మీ. దగ్గర ఉండేలా పిడిని పైకి వాల్చి బిగించాలి. సమాంతరంగా కింద బిగిస్తే నడుము వంచి తోయాల్సి వస్తుంది. తప్పించుకోవాలనుకున్నదే అది. పిడికి 25 మి.మీ. ఇనుప చదరపు పైపు, 1.6 మి.మీ. మందం చాలు. రెండూ కలిపి మూడు కిలోలు. ప్లైవుడ్ అవతలి వైపు ఇనుప పట్టీ వేసి 8 మి.మీ. బోల్టులు, రెక్కల నట్లు బిగించండి. ఒక్కో పిడికి రెండు బోల్టులు, వాటి మధ్య జానెడుకు తగ్గని ఎడం. పట్టీ లేకపోతే రెక్కల నట్టు కింద ప్లైవుడ్ నలిగిపోతుంది. చూసేటప్పుడు పిడులు ఊడదీసి పక్కన పెట్టండి, లేకపోతే చీకట్లో ప్రతివాళ్ల మోకాలికీ తగులుతాయి.

*కాళ్ల దిక్కు.* ఈ ఒక్కటి తెలియక చాలా మౌంట్లు కుంటుతాయి. రాకర్ తిరుగుతుంది కాబట్టి దాని చక్రాలు గ్రౌండ్ బోర్డు కాళ్లకు ఏ దిక్కునైనా ఉండొచ్చు. కాళ్లు మధ్య నుంచి 25 సెం.మీ. దూరంలో ఉన్నాయనుకోండి. మౌంట్ నిలబడినప్పుడు చక్రం నేలకు 6 మి.మీ. పైనుందనుకోండి. చక్రాల వైపు సూటిగా ఒక కాలుంటే, అది ఇరుసుకు 7 సెం.మీ. దూరమే. పిడులు 8 డిగ్రీలు ఎత్తినా అందులో దాదాపు 5 డిగ్రీలు చక్రం నేలకు తాకడానికే సరిపోతాయి. కాలు నేల నుంచి లేచేది 4 మి.మీ. మాత్రమే. ప్రతి గులకరాయికీ తగులుతుంది. అదే రాకర్‌ను తిప్పి చక్రాలను రెండు కాళ్ల నడిమికి తెస్తే, ఆ కాళ్లు ఇరుసుకు 19.5 సెం.మీ. దూరమై 2 సెం.మీ. పైకి లేస్తాయి. రాకర్ మీద, గ్రౌండ్ బోర్డు మీద ఒక్కో తెల్ల గీత గీసుకోండి. గీతలు కలిశాకే పిడులు ఎత్తాలి.

చక్రం నేలకు తాకుతూ ఉండకూడదు కూడా. తాకితే రాకర్ బరువు కింద జారుడుకు వేసిన టెఫ్లాన్ ముక్కల మీద కాకుండా టైరు మీద పడి, అడ్డంగా తిప్పినప్పుడు ఈడుస్తుంది. మట్టి నేల మీద ఆరు మిల్లీమీటర్ల ఖాళీని గడ్డిదుబ్బు కూడా మింగేస్తుంది. అందుకు కాళ్ల కింద గట్టి పలకలు వేసుకుంటే సరి. చీమకుర్తి చుట్టుపక్కల గ్రానైటు ఫ్యాక్టరీల దగ్గర ముక్కలకు కొదవ లేదు. 20 సెం.మీ. చదరం, 2 సెం.మీ. మందం ఉన్నది రెండుంబావు కిలోలుంటుంది, మూడు చాలు. మార్కాపురం పలకరాయి మాత్రం వద్దు, కాలి మొన కింద పొరలుగా లేచిపోతుంది.

*మధ్య బోల్టు.* మామూలు డాబ్సోనియన్‌లో మధ్య బోల్టు రాకర్‌ను పక్కకు జరగకుండా ఆపుతుందే తప్ప ఏమీ మోయదు. ఇక్కడ పిడులు ఎత్తగానే ఏడు కిలోల గ్రౌండ్ బోర్డు ఆ బోల్టుకు వేలాడుతుంది. 12 మి.మీ. బోల్టు, రెండు వైపులా 50 మి.మీ. వాషర్లు, నైలాక్ నట్టు (లోపల నైలాన్ వలయం ఉండి వదులవనిది) వాడండి. మామూలు నట్టయితే రాకర్ తిరిగినప్పుడల్లా కొద్దికొద్దిగా వదులై, ఒకరోజు దారి మధ్యలో గ్రౌండ్ బోర్డు ఊడి పడుతుంది. మరీ బిగించినా తిరగడం బరువెక్కుతుంది. వేలితో వాషర్ కదిలేంత వదులు ఉంచండి.

*చక్రం.* 3.50-4 సైజు గాలిటైరు (బయటి వ్యాసం సుమారు 260 మి.మీ.) ట్రాలీల సామాన్లు అమ్మే చోట దొరుకుతుంది. ఇరుసు రంధ్రం 16 గానీ 20 గానీ ఉంటుంది, ముందు చక్రం కొని తర్వాత కడ్డీ కోయించండి. టైరు పక్కన రాసున్న గరిష్ఠ గాలిలో సగానికి మించి పట్టించొద్దు. మన బరువుకు అది ఎక్కువే, మెత్తగా ఉంటేనే అద్దానికి కుదుపు తగ్గుతుంది. రాకర్‌కు రెండు పక్కలా బయట చక్రాలు పెడితే వెడల్పు 58 నుంచి 76 సెం.మీ.కు పెరుగుతుంది, రెండున్నర అడుగుల తలుపులో ఇరుక్కుంటుంది. గ్రౌండ్ బోర్డును గుండ్రంగా కోస్తే మూలల్లో దొరికే ఖాళీలోకి చక్రాలను దూర్చి రాకర్ వెడల్పులోనే ఉంచవచ్చు.

మూటల ట్రాలీ

బియ్యం మూటలు తోసే రెండు చక్రాల ట్రాలీ ఇప్పటికే ఇంట్లో ఉంటే మొదట దాన్నే వాడి చూడండి. రాకర్, గ్రౌండ్ బోర్డు ఒక తడవ, మిర్రర్ బాక్సు ఒక తడవ. బెల్టుతో బిగించాలి, తాడైతే జారుతుంది. మిర్రర్ బాక్సును ట్రాలీ మీద వెనక్కి వాల్చినప్పుడు అద్దం బరువు పక్క ఆధారాల మీద పడుతుంది. వాటికి ఆ బలం లేని సెల్లయితే ఈ పద్ధతి వద్దు. పన్నెండు అంగుళాల వాళ్లకు ఇంతకు మించి అక్కర్లేదు.

కదపకుండా ఉంచడం

డాబా మీద గది ఉండి, కప్పు జరిపే వీలుంటే కదిలించే గొడవే పోతుంది. కప్పు కంటే షెడ్డు మొత్తాన్ని జరపడం తేలిక: పట్టాల మీద నాలుగడుగుల చదరపు రేకు పెట్టె, దాన్ని వెనక్కి తోస్తే లోపలున్న మౌంట్ ఆరుబయట నిలబడుతుంది. స్లైడింగ్ గేటుకు వేసే గాడి చక్రాలు, బోర్లించిన ఎల్-యాంగిల్ పట్టా చాలు. పట్టా పొడవు షెడ్డుకు రెండింతలు ఉండాలి.

మన తీరంలో దీనికి శత్రువులు మూడు. నవంబరు తుఫాను గాలి: నాలుగు మూలలా డాబాకు కొక్కేలు దించి, టర్న్‌బకిల్‌తో (తిప్పితే బిగిసే కొక్కెంతో) బిగించకపోతే షెడ్డు పక్కింటి డాబా మీదుంటుంది. ఉప్పు గాలి: సముద్రానికి దగ్గర్లో ఉన్నవాళ్లు బోల్టులన్నీ 316 రకం స్టెయిన్‌లెస్‌వి వేసుకోవాలి. అద్దాన్ని మాత్రం షెడ్డులో వదలొద్దు. అల్యూమినియం పూత ఆ తేమకు చుక్కలు చుక్కలుగా పోతుంది. చూసిన రాత్రి అద్దం పెట్టె ఇంట్లోకి, మౌంట్ షెడ్డులోకి. మూడోది కందిరీగ: ట్రస్ పైపు నోరు తెరిచి ఉంచితే వారంలో మట్టిగూడు కడుతుంది, టీ-నట్ల రంధ్రాల్లో కూడా. పైపు కొసలకు ప్లాస్టిక్ మూతలు వేయండి.

డాబా పగలంతా ఎండకు కాగి రాత్రి తొమ్మిది పది దాకా వేడి కక్కుతుంది, అంతసేపూ గ్రహాలు ఉడుకుతున్నట్టు కనిపిస్తాయి. గ్రహాలే ముఖ్యమైతే మట్టి వాకిలి మేలు, అంటే మళ్లీ చక్రాల దగ్గరికే వస్తాం.

బండి ఎక్కించాలంటే

కంభం వైపో, ఉదయగిరి వైపో చీకటి ఆకాశం కోసం వెళ్లేవాళ్లు ట్రాలీ ఆటో మాట్లాడుకుంటారు. బండి నేల 70 సెం.మీ. ఎత్తుంటే, 210 సెం.మీ. చెక్క మీద 64 కిలోలను తోయడానికి కనీసం 21 కిలోల బలం కావాలి. చెక్క 280 సెం.మీ. అయితే 16 చాలు. తొమ్మిది అంగుళాల సెంట్రింగ్ చెక్కలు రెండు, మధ్యలో ఇటుకల ఆసరా. చెక్క పై కొసకు కింద అడ్డ ముక్క కొట్టి బండి అంచుకు తగిలించకపోతే, సగం ఎక్కాక చెక్క వెనక్కి జారుతుంది. అప్పుడు కింద నిలబడి తోస్తున్నవాళ్ల మీదికి మొత్తం వస్తుంది. ఒకరు పైనుంచి తాడు పట్టుకుని, ఒకరు పక్కన నిలబడాలి. నేరుగా కింద ఎవరూ ఉండొద్దు.

బండిలో మౌంట్‌ను టైర్ల మీద ఉంచితే దారంతా బంతిలా ఎగురుతుంది. కింద పాత పీచుపరుపు వేసి, గ్రౌండ్ బోర్డు దాని మీద ఆనేలా దించి, రాచెట్ బెల్టులు రెండు దిక్కులా బిగించండి. అద్దం ముఖం పైకే ఉండాలి.

మైపాడు, కొత్తపట్నం లాంటి తీరాల్లో ఇసుకలోకి దిగాలని మనసు లాగుతుంది. గాలి తగ్గించిన టైరైనా పొడి ఇసుకలో కూరుకుంటుంది. అడుగు వెడల్పు ప్లైవుడ్ పట్టీలు రెండు మార్చి మార్చి పరుస్తూ వెళ్లాలి. రోడ్డు చివరే ఆగిపోవడం తెలివి. నల్లరేగడి చేలల్లో అయితే వాన పడ్డ వారం చక్రాలు మట్టిముద్దలవుతాయి, వేసవిలో నెర్రెలు క్యాస్టర్లను మింగుతాయి. కాలిబాట మీద నుంచి దిగకండి.

ఈక్వటోరియల్ అయితే

ఈక్వటోరియల్ మౌంట్‌కు ఒక అక్షం ఆకాశ ధ్రువం వైపు ఉంటుంది. ఇక్కడి అక్షాంశంలో ఆ ధ్రువ అక్షం నెల్లూరులో 14.4 డిగ్రీలు, ఒంగోలులో 15.5 డిగ్రీలు మాత్రమే లేస్తుంది. దాదాపు పడుకున్నట్టే. బరువు స్తంభం దాటి ముందుకు వేలాడుతుంది కాబట్టి పిడులు ఎత్తే పద్ధతి దీనికి పనికిరాదు. స్క్రూ కాళ్ల క్యాస్టర్ చట్రమే సరి, అదీ కాళ్లు వెడల్పుగా ఉండేలా. జరిపే ముందు గొట్టం తీసేయాలి, ఆ తర్వాతే కౌంటర్‌వెయిట్లు (గొట్టానికి సాటిగా వేసే బరువులు). వరస తారుమారైతే కడ్డీ గిర్రున తిరిగి ఎవరి దవడకో తగులుతుంది. స్క్రూ కాళ్లు ఆనే మూడు చోట్లా నేల మీద పెయింటు చుక్కలు పెట్టుకుంటే ధ్రువం సరిచూసుకునే పని సగం తగ్గుతుంది.

ఎవరికి ఏది

పట్నంలో అపార్టుమెంటు, లిఫ్టు, పైన డాబా ఉంటే క్యాస్టర్ చట్రం. లిఫ్టు తలుపు వెడల్పు, లిఫ్టుకూ అంతస్తుకూ మధ్య తేడా రెండూ కొలవండి. లిఫ్టు డాబా దాకా రాకుండా కింది అంతస్తులోనే ఆగిపోతే ఆ చివరి మెట్ల కోసం విడదీతకే సిద్ధపడాలి. పల్లెలో వాకిలి ఉన్న ఇల్లయితే చక్రాలు, పిడులు. వారాంతాల్లో బండి మీద దూరం పోయేవాళ్లకు విడిపోయే రాకర్. చెరువు కట్ట మీద చెక్క కాళ్ల పాక ఉన్నవాళ్లు షెడ్డు గురించి ఆలోచించొద్దు, ఆ నేల నడిచినప్పుడల్లా ఊగుతుంది. యాభై దాటినవాళ్లు, నడుము ఒకసారి పట్టేసినవాళ్లు మోసే పద్ధతి ఏదైనా వదిలేయండి. స్కూలు పిల్లలకు చూపించే టెలిస్కోపు అయితే చక్రాలు, విడదీత రెండూ ఉండాలి: వరండా నుంచి మైదానానికి తోయాలి, ఏడాదికోసారి బండి ఎక్కించాలి.

అద్దం పన్నెండు అంగుళాల లోపైతే ఇందులో ఏదీ వద్దు. పిడులు రెండు బిగించి రెండు తడవల్లో మోసుకోండి.

తోసేటప్పుడు చెడేవి

చక్రాలు వేశాక మొదట చెడేది కొలిమేషన్ కాదు, ఆల్టిట్యూడ్ బేరింగు (టెలిస్కోపును పైకీ కిందికీ తిప్పేది). అర్ధచంద్రాకారపు బేరింగులు రాకర్ మీద ఊరికే ఆని ఉంటాయి. గుంటలో పడగానే మిర్రర్ బాక్సు ఎగిరి టెఫ్లాన్ ముక్క పక్కకు దిగుతుంది. తోసే ముందు మిర్రర్ బాక్సును నిటారుగా నిలిపి, రాకర్ అడుగుకు ఒక బెల్టుతో లాగి కట్టండి. పైపులూ పంజరమూ బిగించే తోయవచ్చు, తలుపు ఎత్తు కుదిరితే.

అద్దం క్లిప్పులకూ గాజుకూ మధ్య కాగితం మందం ఖాళీ ఉండాలని చదివి, చక్రాల మౌంట్‌లో కూడా అలాగే వదిలేస్తారు. ఆ ఖాళీ అలాగే ఉంచండి, కానీ క్లిప్పు లోపలివైపు మెత్తటి ఫెల్టు అతికించండి. అద్దం ఎగిరి ఇనుముకు తగిలితే అంచు పెచ్చులూడుతుంది. క్లిప్పును గాజు మీద బిగిస్తే నక్షత్రాలు మూడు మూలలుగా కనిపిస్తాయి. రెండింటిలో రెండోది వెంటనే తెలుస్తుంది, మొదటిది ఆరు నెలలకు తెలుస్తుంది.

టైర్ల సంగతి చివరికి. నెల్లూరు, ఒంగోలు వైపు ఖాళీ స్థలమంటే చిల్లకంపే. ఆ సర్కారు తుమ్మ ముల్లు సైకిల్ టైరునే దించేస్తుంది, రెండు పొరల చిన్న టైరు ఎంత? ట్యూబులో పంక్చర్ ద్రావకం ముందే పోయించండి, లేదా గాలి అక్కర్లేని నురుగు నింపిన చక్రం కొనండి. అది కాస్త గట్టిగా కుదుపుతుంది, గడప ఎక్కడంలో తేడా ఏమీ లేదు. గాలిటైరే కావాలంటే చేతిపంపు ఒకటి కంటికటకాల పెట్టెలో పెట్టుకోండి. రాత్రి రెండింటికి ఒక చక్రం దిగిపోయిన 64 కిలోల మౌంట్‌ను పిడులతో ఈడిస్తే ఆ వైపు ఇరుసు చట్రం వంగుతుంది, మర్నాడు వెల్డింగ్ షాపుకు వెళ్లాల్సిందే.